వదినగారి డబ్బా

అలా తల తిప్పకు, గడ్డం మీద కారుతుంది. కారితే నర్సు నన్నే అంటుంది. ఇందాక అననే అంది, మనిషికి పట్టేది నాలుగు గుక్కలు, అందులో సగం దిండుకే తాగిస్తున్నారేంటమ్మా అని. నిదానంగా పీల్చు. వెనక పళ్ళ పక్కన సందుంది కదా, గొట్టం అక్కడే పెట్టాను. పీల్చడం, మింగడం, అంతే నీ పని.

మళ్ళీ పలకా? పొద్దుటి నుంచీ తిప్పి తిప్పి అదే రాస్తున్నావు కదయ్యా. తొడుగులవాడు ఎవడు, తొడుగులవాడు ఎవడు. దవడ రెండు చోట్ల విరిగి, పైపళ్ళూ కిందిపళ్ళూ కలిపి తీగలతో కట్టేస్తే ఇంకో మనిషైతే నొప్పి మాత్ర అడుగుతాడు. నీకు మాత్రం వాడి పేరు కావాలి.

చెబుతాను. చెప్పడానికే వచ్చాను. మరి నీకు పాలు తాగించడానికి వచ్చాననుకున్నావా? మీ అన్నయ్య ఊళ్ళోకి దిగేదాకా పేషెంటు దగ్గర ఎవరో ఒకరుండాలన్నారు, నేనుంటానన్నాను. ఆ నర్సు నా చెయ్యి పట్టుకుని, మరిది కోసం ఇంత చేసే వదినని నేనెక్కడా చూడలేదమ్మా అంది. నేనూ చూడలేదన్నాను.

ఆవిడకేం తెలుసు, ఆ దవడ విరగ్గొట్టింది నేనేనని. నువ్వు పలక మీద రాశావుట కదా, మెట్ల మీంచి పడ్డానని. ఆడదాని చేతిలో తన్నులు తిన్నానని రాయడానికి చెయ్యి రాలేదు పాపం.

మీ ఇంటికి మెట్లెక్కడున్నాయి మరిదీ? వీధిలోంచి అడుగు వేస్తే హాలు. హాల్లోంచి అడుగు వేస్తే వంటగది. నీకిచ్చి చేసిన నా చెల్లి కూడా ఇన్నేళ్ళూ అదే చెప్పింది. కన్ను వాస్తే మెట్లు. చెవి తెగితే మెట్లు. వేలు విరిగితే మెట్లు. లేని మెట్ల మీంచి ఇంటిల్లిపాదీ పడుతున్నారు. మా అమ్మ అయితే నిజంగానే నమ్మి, ఆ మెట్లకి ఒక కమ్మీ పెట్టించమని చెప్పవే అంది నాతో.

చూశావా, నువ్వు నువ్వు అంటున్నాను. మీ పెళ్ళయిన దగ్గర్నుంచీ మరిదిగారూ, మీరు, తమరు అంటూనే ఉన్నాను. నోరు తిరగడానికి కాస్త కష్టంగానే ఉంది. అలవాటు పడతాను.

సరే, తొడుగులవాడు. మా ఇంట్లో టీవీ పక్కన నల్ల డబ్బా ఉంటుందే, రౌటరు. వచ్చినప్పుడల్లా, వదినగారి డబ్బా ఇంకా బతికే ఉందా అని దాని నెత్తిన ఒకటి మొట్టేవాడివి. మీ పాపకి చూపించి నవ్వేవాడివి. ఆ డబ్బాలోనే ఉంది నీ తొడుగుల కంపెనీ. నువ్వు వెతికే ఆ తొడుగులవాడిని నేనే.

అలా చూడకు. కళ్ళు ఊడిపడితే వాటికి తీగలు కట్టరు ఇక్కడ.

ఏం చెయ్యమంటావు మరి? దాని ఫోను ఇంటికి రాగానే నీ చేతిలో పెట్టాలి. పాస్‌వర్డులన్నీ నువ్వు పెట్టినవే. కొత్తగా ఎక్కడ ఏ అకౌంటు తెరిచినా నీ ఫోనుకి కబురు. నాకు ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి చెయ్యాలి. నేనేమో, ఏమే బాగున్నావా అనాలి, అదేమో ఆఁ బాగున్నానక్కా అనాలి, నువ్వేమో పక్క నుంచి, మీ చెల్లెలు మహారాణి వదినా అనాలి. ఇదీ మన కుటుంబ సంభాషణ.

మూడుసార్లు వచ్చేసింది మా ఇంటికి, పాపని చంకనేసుకుని. మూడుసార్లూ నువ్వు వచ్చి తలుపు అవతల నిలబడ్డావు. ఒక్కనాడైనా అరిచావా? లేదు. తలుపుకి నుదురు ఆనించి, మెల్లగా మాట్లాడేవాడివి. వింటూ వింటూ లోపల అది గోడకి చేరగిలబడేది, తర్వాత కూర్చునేది, తర్వాత ఏడ్చేది, తర్వాత గడియ తీసేది. రెండోసారైతే మా అమ్మే దాని బ్యాగు సర్దింది. మగాడు అంతలా బతిమాలుతుంటే ఇంకా ఏంటే అని.

నీ పని కూడా అదే కదా. తుప్పు పట్టిన కారుని పెళ్ళికూతురిలా నిలబెట్టి, కొనేవాడి చేత కన్నీళ్ళు పెట్టించి అమ్ముతావు. బ్రేకులు లేని బండి మా మేనమామకే అంటగట్టావు. ఆయన గోడకి గుద్దుకుని నడుం విరగ్గొట్టుకుని కూడా, పాపం అబ్బాయికి తెలియదులే అన్నాడు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని ఊరికే అనలేదు పెద్దలు.

మూడోసారి వెళ్ళిపోయాక అనుకున్నాను, దీన్ని నేను ఆపలేను. కనీసం బతికుందో లేదో తెలియాలి. అది పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కంప్యూటరు ఉంటుంది కదా. ఆ మెయిల్ కూడా నీ ఫోనుకి వస్తుందని తెలుసు. అందుకని నువ్వు చూసినా ఆవులించి వదిలేసే మెయిల్ కావాలి. డాక్టర్లు వేసుకునే రబ్బరు తొడుగులు అమ్మే కంపెనీ అని ఒక పేరు పుట్టించాను. దానికి పోస్టాఫీసు, అదే మెయిల్ సర్వర్, నా డబ్బాలో పెట్టాను, ఎవడికీ సమాధానం చెప్పక్కర్లేకుండా.

తొడుగులు ఒక పెట్టె కావాలంటే చెయ్యి చేసుకున్నావని. రెండు పెట్టెలంటే రక్తం వచ్చిందని. పెద్ద సైజు అంటే బెల్టు. మీ దగ్గర స్టాకుందా అని అడిగితే, అక్కా, వచ్చెయ్యనా అని. నేను ప్రతిసారీ ఒకటే జవాబు రాసేదాన్ని, స్టాకు ఎప్పుడూ ఉంటుంది మేడమ్ అని.

నువ్వు అవన్నీ చూశావు. చూసి ఒకసారి నాతోనే అన్నావు, ఆ డాక్టరుకి ఇన్ని తొడుగులెందుకు వదినా, రోజూ పళ్ళు పీకుతాడా మనుషుల్ని పీకుతాడా అని. నేను నవ్వాను. ఇంటికెళ్ళి స్నానాల గదిలో గోడకి తల కొట్టుకున్నాను. ఇదిగో, ఈ మచ్చ అదే. మెట్లు కావు.

తాగు. ఇంకాస్త ఉంది.

ఇప్పుడు నీకు అసలు సంగతి చెబుతాను. అంత చిన్న డబ్బాలో పోస్టాఫీసు పెట్టకూడదు. ఇళ్ళకి ఇంటర్నెట్ వైర్లు లాగి బతికేదాన్ని, ఆ మాత్రం నాకు తెలియక కాదు. కంప్యూటర్లో పెడితే మా అమ్మ ఊరికే వెలుగుతోందని స్విచ్చి కట్టేస్తుంది. డబ్బా అయితే దానికి బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా ఆరదు, దాని జోలికి ఎవరూ పోరు. పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాను. దానికున్నది బొత్తిగా కాస్త మెమరీ.

నీకు అర్థమయ్యేలా చెప్పనా? నీ షెడ్డులో పది కార్లు పడతాయనుకో. పదకొండోది వచ్చి నిలబడితే ఏం చేస్తావు? నువ్వైతే పక్కింటి గోడ పడగొట్టిస్తావు. డబ్బాలో గోడలు కదలవు. అందుకని అందులో ఒక కాపలావాడుంటాడు. చోటు చాలకపోతే, ఉన్నవాటిలో ఎక్కువ చోటు తినేదాన్ని చూసి చంపేస్తాడు, మిగతావి బతకాలని. చంపేసి లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, రాసి పెడతాడు. మెమరీ చాలలేదు, ఫలానాదాన్ని చంపాను, అని. చంపాను అనే రాస్తాడు, నేను కల్పించి చెప్పడం లేదు.

సోమవారం మధ్యాహ్నం నా మెయిల్ సర్వర్‌ని చంపాడు.

మళ్ళీ లేపాను. మళ్ళీ చంపాడు. సరే ఏదో బరువు ఎక్కువైందని, చెత్త మెయిళ్ళు ఏరే జల్లెడ ఒకటుంటే అది తీసేశాను. వైరస్ చూసేది తీసేశాను. ఊరికే రాసుకునే రాతలు తగ్గించాను. ఇంట్లో ఫోన్లు అన్నీ దాన్నుంచి తప్పించాను, మా అమ్మ టీవీ కూడా ఆపేస్తే నన్ను శాపనార్థాలు పెట్టింది. అయినా చంపాడు. లేపిన ప్రతిసారీ కాసేపు నడుస్తుంది, ఎవడో వచ్చి తలుపు కొడతాడు, తియ్యగానే ఏదో పెద్ద మూట లోపలికి తోస్తాడు, సగం లోపలికి రాగానే సర్వర్ చచ్చిపోతుంది. మళ్ళీ అదే నంబరు, ఇంటర్నెట్‌లో చిరునామా లాంటిదిలే, దాన్నుంచి మళ్ళీ అదే మూట.

మా పనిలో ఒక జబ్బుంది మరిదీ. పదే పదే తలుపు కొట్టేవాణ్ణి మేము దొంగ అనుకుంటాం. ఎవడో పనిలేని వెధవ నా డబ్బాని పడగొట్టాలని చూస్తున్నాడనుకున్నాను. ఆ నంబరు ఎవరిదా అని చూస్తే, వేలమంది మెయిళ్ళు మోసే పెద్ద కంపెనీది. అలాంటివాటి వెనక దాక్కునే వెధవలు బోలెడుమంది. చిర్రెత్తుకొచ్చింది. ఆ నంబరుకి తలుపు మూసేశాను. ఇంక కొట్టుకో చచ్చినట్టు, అన్నాను.

డబ్బాలో ఒక్క వరుస రాస్తే చాలు, మూసుకుపోతుంది.

ఆ తర్వాత డబ్బా ఎంత బాగా నడిచిందనుకున్నావు. ఒక్కసారి తొణకలేదు. మంగళవారం, బుధవారం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నేను నా భుజం నేనే తట్టుకున్నాను. మా అమ్మకి టీవీ పెట్టి ఇచ్చాను. పనికెళ్ళి ఈలలు వేసుకుంటూ గోడలకి కన్నాలు వేశాను. చెల్లి దగ్గర్నుంచి తొడుగుల ఆర్డరు లేదు కదా, మరిది ఈ వారం బుద్ధిగా ఉన్నాడులే అనుకున్నాను. నవ్వు, దవడ నొప్పి పుట్టకపోతే నవ్వు.

ఆ రెండు రోజులూ నువ్వేం చేశావో నువ్వు చెప్పలేవు కాబట్టి నేనే చెబుతాను.

ఉత్తరం చేరకపోతే పోస్టాఫీసు ఊరుకోదు. పంపినవాళ్ళకి కబురు చేస్తుంది, మీరు పంపినది ఇంకా అందలేదు, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం అని. చెల్లి తను పంపిన మెయిల్ చెరిపేసింది కానీ ఆ కబురు వస్తుందని దానికేం తెలుసు? నేను చెప్పలేదు. అది నీ ఫోనులో పడింది. ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ. ఈ తొడుగులవాడికి అంత అర్జెంటుగా ఏం పంపిందిరా అని నీకు పురుగు తొలిచింది. డాక్టరుకి ఫోన్ చేశావు. ఆయన, ఆ కంపెనీ ఎవరో నాకు తెలియదండీ, మేము తొడుగులు ఎదురు మందుల షాపులో కొంటాం అన్నాడు.

అయిపోయింది. ఇంక తొడుగులవాడు దాని ప్రియుడు.

నువ్వు తలుపు వేసి, పాపని బయట పెట్టి గొళ్ళెం పెట్టి, ఎవడు వాడు అని అడిగావు. అది చెప్పలేదు. వంటగది గట్టుకేసి కొట్టావు, చెప్పలేదు. కాలితో పక్కటెముకల మీద తొక్కావు, చెప్పలేదు. ఒక్క మాట, మా అక్క, అంటే అయిపోయేది. నన్ను చంపుతావని భయపడిందిట. దాని పిచ్చి గానీ, రోజంతా నిచ్చెన మీదుండే నన్ను చంపాలంటే నువ్వు ముందు అదెక్కాలి కదా.

నేను ఇక్కడ తలుపు మూశాను, నువ్వు అక్కడ దాన్ని తొక్కావు. అదీ లెక్క. ఇందులో నా వాటా నాకు తెలుసు, నువ్వు వేలు చూపించక్కర్లేదు. ఆ వేలు దించు.

గురువారం మధ్యాహ్నం ఊరికే లాగ్ తిరగేస్తున్నాను. తలుపు మూశాక కూడా వాడు వచ్చి కొడుతూనే ఉన్నాడు. అది కాదు నేను చూసింది. ఎంతసేపటికి ఒకసారి కొడుతున్నాడా అని చూశాను. ముందు కాసేపాగి కొట్టాడు. తర్వాత దానికి రెట్టింపు ఆగాడు. తర్వాత దానికీ రెట్టింపు. ఇంట్లోవాళ్ళు పనిలో ఉన్నారేమో, ఇంకాసేపాగి వద్దాం, అన్నట్టు.

దొంగ ఇంత మర్యాదగా రాడు. పోస్ట్‌మ్యాన్ వస్తాడు.

పళ్ళ ఆసుపత్రి మెయిళ్ళు మోసేది ఎవరో చూశాను. ఆ కంపెనీయే. నేను తలుపు మూసింది నా చెల్లెలి మొహం మీద.

డబ్బా వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చాను. మెమరీ చాలకపోతే మిగతా సరుకు ఇందులో దింపుకోరా అని దానికి చెప్పాను. అది ముందే చెయ్యాల్సిన పని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. వైఫై ఆపేశాను. అన్నీ ఆపేశాను. ఆ వరుస చెరిపి తలుపు తెరిచి కూర్చున్నాను. వాడు మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. మా అమ్మ వచ్చి ఏమైందే అంటే మాట్లాడొద్దన్నాను. మనం మాట్లాడితే అదేదో చచ్చిపోతుందన్నట్టు.

వచ్చాడు. కొట్టాడు. మూట లోపలికి జరుగుతోంది, నత్త నడకే. డబ్బా పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోతోంది. కాపలావాడు ఈసారి ఎవరినీ చంపలేదు.

చిరిగిన తొడుగుల ఫొటోలు పంపుతున్నాం, దయచేసి చూడగలరు, అని పైన రాసింది. లోపల ఒక్కటే వాక్యం. అక్కా, ఈసారి పాప.

ఎందుకు అంత బరువో అప్పుడు తెలిసింది. పంటి మీద ఆవగింజంత మచ్చ కూడా కనపడాలని ఆ డాక్టరు పెద్ద కెమెరా కొన్నాడు. చెల్లి దాంతోనే తీసింది, తగ్గించకుండా అలాగే పెట్టింది. పాప చెయ్యి. మోచేతికి పైన నీ ఐదు వేళ్ళూ. బొటనవేలు ఎక్కడ నొక్కావో తెలుస్తోంది, ఉంగరం ఎక్కడ దిగిందో తెలుస్తోంది. వీపు. చెవి వెనక. ఒక్క వెంట్రుక కూడా నా కంటికి తప్పిపోలేదు.

డ్రిల్లు మిషను బ్యాగులోనే ఉంది. అది తీసుకోవాలని తీసుకోలేదు, ఆ బ్యాగు లేకుండా నేను గడప దాటను.

నువ్వే తలుపు తీశావు. రండి వదినా, ఎండలో వచ్చారు, కూర్చోండి, అన్నావు. మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేకేశావు. ఎవర్ని తెమ్మన్నావు? లేవలేని మనిషినా? నేను పాప ఏది అన్నాను. నువ్వు మొదలుపెట్టావు. గొంతు దించి, కళ్ళలో నీళ్ళు నింపుకుని, చూడండి వదినా, మీరు పెద్దవారు, నా బాధ మీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను, అని.

అప్పుడు కొట్టాను. మొదటిది. నెత్తి మీద కొడదామనే డ్రిల్లు ఎత్తాను, చెయ్యి వణికి భుజం మీద పడింది. ఏదో విరిగినట్టు చప్పుడైంది. నువ్వు సోఫాలో పడ్డావు.

ఏంటి, పలకా? ఇదిగో, రాయి. ఏదీ, చదవనీ:

మెట్ల మీంచి పడ్డానని రాశాను కదా. కేసు ఉండదు. ఫొటోలు తీసెయ్. దాన్ని రమ్మను.

బాగానే ఉంది బేరం. నువ్వు మెట్లంటావు, నేను ఫొటోలు చెరిపేస్తాను, చెల్లి ఇంటికొస్తుంది, పాప నీ ఒళ్ళో కూర్చుంటుంది. నీకు కావలసింది ఒక్కటే, అది ఒక్కసారి నీ ముందుకి రావాలి. నాకు కావలసిందీ ఒక్కటే మరిదీ, అది నీ ముందుకి రాకూడదు. మిగతాదేమైనా నాకు ఫరవాలేదు.

ఆ తలుపు పక్కన బెంచీ మీద పోలీసు యూనిఫాంలో ఒకావిడ కూర్చుని ఉంది చూడు. నిన్ను కాపలా కాయడానికి కాదు. నాకోసం. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి చెప్పేశాను, ఆ మనిషి ఏ మెట్ల మీంచీ పడలేదు, నేనే కొట్టానని. ఫొటోలు ఇచ్చాను. తొడుగుల ఆర్డర్లన్నీ ఇచ్చాను. ఎస్సైగారు చదివి, ఈ పెద్ద సైజు అంటే ఏంటమ్మా అని అడిగాడు. చెప్పాను. చెల్లి కూడా రాత్రే చెప్పేసిందిట, పక్కటెముకలకి కట్టు కట్టించుకుని వచ్చి. ఇప్పుడు అదీ పాపా ఎక్కడున్నారో మా అమ్మకి కూడా తెలియదు.

నేను మాత్రం ఒకటి అడిగాను. మరిదికి పాలు తాగించి వస్తానండీ, అప్పటిదాకా ఆగండి, అని. మీకేమైనా పిచ్చా అన్నాడు. అయినా ఆవిణ్ణి తోడిచ్చి పంపాడు.

ఆయన నా మాటలు రాసుకుంటూ అడిగాడు, ఎన్ని దెబ్బలమ్మా అని. రెండు. కోపంలో కొట్టారా? అవునన్నాను. మొదటిదాని మట్టుకు అది నిజం. రెండోదాని సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగేళ్ళు ఎక్కువ వేస్తారని పనిలో నాకు నిచ్చెన పట్టుకునే స్నేహితురాలు, వాళ్ళాయన వకీలులే, ముందే హెచ్చరించింది. నీకు చెబుతాను. నువ్వెలాగూ ఎవరికీ చెప్పలేవు.

పలక మీద రాస్తావా? రాయి. ఫోనులో మెసేజ్ కొట్టు. చెల్లికే కొట్టు, కావాలంటే. చదివినా ఏం కాదు. పొద్దుటి నుంచీ నీ రాత చూస్తున్నాను కదా. ఎవడు. తీసెయ్. రమ్మను. రాతలో నువ్వు ఇంతే మరిదీ. ఇంత చిన్నవాడివని నాకు తెలియదు. నువ్వంటే అంతా ఆ గొంతే.

ఒకసారి భోజనాల దగ్గర చెల్లి చెప్పింది. వాళ్ళ ఆసుపత్రికి ఎవరో వచ్చాడట, ఆటలో బంతి తగిలి దవడ విరిగితే నోరు కట్టేశారట. ఆరు వారాలు మాట రాదుట. వాళ్ళావిడ డాక్టరు దగ్గరికొచ్చి చెవిలో, ఇంకో రెండు వారాలు పొడిగించడానికి కుదరదా అండీ అని అడిగిందట. చెప్పి, పడీ పడీ నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను అప్పుడు.

నువ్వు సోఫాలో పడ్డావు కదా. పడి కూడా మాట్లాడావు. భుజం విరిగి, మొహం తెల్లబోయి, అయినా ఆ గొంతు మాత్రం అలాగే ఉంది. లోపల గది తలుపు వైపు చూస్తూ అన్నావు, నన్ను చంపేసినా ఫరవాలేదే, నువ్వు మాత్రం నన్ను అర్థం చేసుకో, అన్నావు.

చెల్లి గుమ్మంలోకి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. రెండో చేతిలో గ్లాసుంది, నువ్వు తెమ్మన్న మంచినీళ్ళు. నేను దాని మొహం చూశాను మరిదీ. మా ఇంట్లో తలుపు ఇవతల మూడుసార్లు చూసిన మొహమే అది. మెత్తబడిపోతోంది. నువ్వు ఇంకో నాలుగు మాటలు అని ఉంటే, ఆ గ్లాసు నీ నోటికి అందించేది, నీ భుజం ఒళ్ళో పెట్టుకునేది, ఎందుకక్కా ఇలా చేశావు అని నన్నే అడిగేది.

అప్పుడు నాకు చెయ్యి వణకలేదు. కోపం కూడా లేదు. గోడకి కన్నం వేసే ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాను చూడు, అలా చూసుకున్నాను. చెవి కింద, దవడ మలుపు దగ్గర. చూసుకునే కొట్టాను.

నువ్వు నోరు తెరిచావు. ఏమీ రాలేదు.

అది అలాగే నిలబడింది. నువ్వు ఏదో ఒకటి అంటావని చూసింది. చాలాసేపు చూసింది. నువ్వు ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టింది. పాప చెప్పులు ఎక్కడున్నాయక్కా, అంది.